ఏటా నాటక్కర్లేని ఉల్లి, వెల్లుల్లి: మా న్యూజెర్సీ పెరడు

న్యూజెర్సీలో మనవాళ్ల పెరళ్లన్నీ దాదాపు ఒకే క్యాలెండర్ మీద నడుస్తాయి. ఫిబ్రవరి, మార్చిల్లో బేస్‌మెంట్‌లో లైట్ల కింద వంగ, మిరప నారు. మదర్స్ డే (మే రెండో ఆదివారం) దాటాక బయట నాట్లు. ఎండలు ముదిరాక గోంగూర, బెండ, బీర, సొర. అక్టోబరులో తొలి మంచు పట్టగానే పందిరి విప్పేసి లోపలికి వచ్చేయడం. నేనూ అవన్నీ వేస్తాను. కానీ మార్చి నుంచి మే దాకా, మళ్లీ పందిరి విప్పాక నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ దాకా పెరడు ఊరికే పడి ఉంటే నా ప్రాణం ఒప్పుకోదు. ఆ నెలలు ఉల్లిజాతి మొక్కలవి. వాటికి లైట్లూ హీట్ మ్యాట్లూ అక్కర్లేదు, చలే కావాలి. అందులో ఒకసారి నాటితే ఏళ్ల తరబడి ఉండిపోయే రకాలున్నాయి. ప్రతి తెలుగు పెరట్లోనూ కనీసం ఒక మూల వీటికి ఇవ్వాలని నా కోరిక.

మా నాయన కర్నూలు జిల్లాలో ఎర్రగడ్డ పండించిన మనిషి. నారు పోయడం, నాటడం, గడ్డ పీకడం, యార్డుకు తోలడం, అంతటితో చేను ఖాళీ. వీడియో కాల్‌లో నా ఉల్లిమడి చూపిస్తే ఆయన మొదట అడిగింది, "గడ్డ ఎంత లావొస్తాదిమ్మా?" అని. అడగాల్సిన ప్రశ్నే అది. మామూలు ఉల్లి రెండేళ్ల మొక్క. మొదటి ఏడాది ఆకులు సంపాదించిందంతా ఒక్క గడ్డలో దాచుకుంటుంది. రెండో ఏడు ఆ గడ్డను కరిగించుకుని పువ్వు పూసి, విత్తనం ఇచ్చి పోతుంది. మనం మధ్యలో పీకి వండుకుంటాం. ఏళ్ల తరబడి బతికే రకాలు అలా కాదు, ఉన్న బలాన్ని పిలకలకు పంచేస్తాయి. కాబట్టి గడ్డ చిన్నదే. "అయితే ఆకు కోసం పెంచుకోవాల" అన్నాడు నాయన. సరిగ్గా అంతే.

నా దగ్గర అందరికన్నా ముందు లేచేది వాకింగ్ ఆనియన్. మామూలు ఉల్లికీ, గడ్డ కట్టని గుత్తి ఉల్లికీ పుట్టిన సంకరం. మార్చిలో మూలల్లో ఇంకా మంచు కరగకముందే వేలెడు ఆకులు పైకి వస్తాయి. జూన్‌లో కాడ చివర పువ్వు రావాల్సిన చోట చిట్టి గడ్డల గుత్తి కడుతుంది. ఒక్కొక్కటి శనగ గింజ నుంచి కుంకుడుకాయ అంత దాకా ఉంటుంది. ఎండాకాలం చివర్లో ఆ బరువుకి కాడ వాలిపోయి నేల తాకుతుంది, తాకినచోట చిట్టి గడ్డలు వేళ్లు పోసుకుంటాయి. అలా ఏటా అడుగో రెండడుగులో పక్కకు జరుగుతూ పోతుంది. నాకు అవసరం లేని వైపు వాలితే కాడ కోసేస్తాను. చిట్టి గడ్డలు బాగా ఘాటు. తొక్క తీసే ఓపిక ఉంటే పులుసులో వేసుకోవచ్చు. నేను మాత్రం ఎక్కువగా ఆకే వాడతాను. ఏప్రిల్‌లో ఆ లేత ఉల్లికాడలు, కోడిగుడ్డు కలిపి పొరటు చేస్తే స్టోర్లో కట్టలుగా దొరికే కాడలు మళ్లీ కొనబుద్ధి కాదు.

పొటాటో ఆనియన్ అని ఇంకొకటి. మన సాంబారు ఉల్లికి దగ్గరి చుట్టం. ఒక గడ్డ పాతితే దుబ్బుగా విడిపోతుంది. ఇండియన్ స్టోర్ సాంబారు ఉల్లినే నాటవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. ఉల్లి గడ్డ కట్టేది పగటి పొడవును చూసి. కర్నూల్లో ఎంత ఎండాకాలమైనా పగలు పదమూడు గంటలు. ఇక్కడ జూన్‌లో పదిహేను. అక్కడి రకానికి ఇక్కడి వసంతంలోనే "ఇక గడ్డ కట్టు" అనే కబురు అందిపోతుంది, ఆకు పెరగకముందే. అందుకే అవి గోలీల్లా మిగిలిపోతాయి. కుండీలో ఆకు కోసమైతే నిక్షేపంగా నాటుకోండి.

వెల్లుల్లి గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వంటింట్లో తేడా తెలిసేది దీనితోనే. స్టోర్లో దొరికేది ఎక్కువగా మెత్తటి మెడ (సాఫ్ట్‌నెక్) రకం. చిన్న రెబ్బలు చాలా ఉంటాయి, ఒలవడం కష్టం. చలి ప్రాంతాలకు మధ్యలో గట్టి పూలకాడ వచ్చే గట్టి మెడ (హార్డ్‌నెక్) రకాలు కుదురుతాయి. నేను వేసేది మ్యూజిక్ అనే రకం. గడ్డకు నాలుగు నుంచి ఆరు రెబ్బలే, కానీ ఒక్కో రెబ్బ బొటనవేలంత, తొక్క ఇట్టే ఊడి వస్తుంది. వెల్లుల్లి కారం దంచేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? అక్టోబరు మధ్య నుంచి నవంబరు మొదటి వారం లోపు నాటతాను. మొన పైకి, రెండంగుళాల లోతు, ఆరంగుళాల ఎడం, పైన మందంగా ఎండుగడ్డి. చలి తగిలితేనే ఆ రెబ్బకు విడిపోయి గడ్డ కట్టాలనే బుద్ధి పుడుతుంది. వసంతంలో నాటితే చాలాసార్లు రెబ్బలు విడని ఒంటి ఉండే వస్తుంది. జూన్‌లో వంకీలు తిరిగే పూలకాడలు కోసి రోటిపచ్చడి చేయండి. పచ్చిమిర్చి, చింతపండు, వేయించిన పల్లీలు చాలు. కాడ కోస్తే గడ్డ కూడా లావెక్కుతుంది. జులైలో కింది ఆకులు మూడో వంతు ఎండాక తవ్వి, నీడలో గాలి తగిలేలా రెండు మూడు వారాలు వేలాడదీయాలి.

ఇంట్లో వాదన వచ్చేది ఇక్కడే. అన్నిటికన్నా లావైన గడ్డలు విత్తనానికి ఉంచాలి, తినకూడదు. మా అత్తయ్య ఎండాకాలం వచ్చినప్పుడు ఆ పెద్దవే ముందు చేతికి తీసుకుంటారు, "కంటికి కనిపించేది వదిలి చిన్నది తినమంటావేంటమ్మా" అంటారు. లావు రెబ్బ నాటితేనే లావు గడ్డ వస్తుందని, చిన్నవి నాటుకుంటూ పోతే మూడు నాలుగేళ్లలో అన్నీ చిన్నవే అవుతాయని చెప్పాను. ఇప్పుడు విత్తనం గడ్డలకు ఎర్ర దారం కట్టి గరాజ్‌లో విడిగా పెడుతున్నది ఆవిడే.

కంచె పక్కన కొన్ని వెల్లుల్లి దుబ్బులు అసలు తవ్వను. ఒక్కో గడ్డలోని రెబ్బలన్నీ అక్కడే మొలిచి గడ్డిలా ఒత్తుగా వస్తాయి. మార్చి, ఏప్రిల్‌లలో ఆ పచ్చి వెల్లుల్లి ఆకు పప్పులో తాలింపుకు వేస్తే ఇల్లంతా వాసన. రెండు మూడేళ్లకోసారి దుబ్బు విడగొట్టి ఎరువు వేస్తే చాలు.

లావు ఉల్లికాడలా ఉండే లీక్ మనకు అలవాటు లేని కూర. తెల్ల మొదలు నిలువునా చీల్చి, పొరల మధ్య మట్టి పోయేలా కడిగి, పెసరపప్పుతో వండితే ఎంత తియ్యగా ఉంటుందో. విత్తనంతో వేస్తే ఎదగడానికి దాదాపు ఒక కాలం మొత్తం పడుతుంది. కానీ రెండు మొక్కల్ని పీకకుండా పూతకు వదిలేస్తే, అవి పోయేముందు వేరు దగ్గర ముత్యాల్లాంటి చిన్న గడ్డలు పెడతాయి. శరదృతువులో అవి మొలుస్తాయి. వాటిని విడదీసి నాటుకుంటే మళ్లీ విత్తనం కొనే పని లేదు. ఎలిఫెంట్ గార్లిక్ అని అమ్మేది కూడా నిజానికి లీక్ జాతే.

కొరియన్ స్టోర్లో బుచు అని దొరికే చైనీస్ చైవ్స్ బల్లపరుపు ఆకుది, వెల్లుల్లి వాసన. పెసరట్టు మీద చల్లుకోండి. ఆగస్టు, సెప్టెంబరులలో తెల్ల పూలు వస్తాయి, తేనెటీగలకు పండగ. విత్తనం రాలకముందే కోసేయండి, లేదంటే పక్కింటి లాన్‌లో కూడా మొలుస్తాయి.

జింకలు వీటి జోలికి పెద్దగా రావు. అసలు శత్రువు ఏలియం లీఫ్‌మైనర్. యూరప్ నుంచి వచ్చిన ఈ చిన్న ఈగను అమెరికాలో మొదట గుర్తించింది 2015 డిసెంబరులో, మా పక్కనే పెన్సిల్వేనియా లాంకాస్టర్ కౌంటీలో. ఆకు మీద సూదితో పొడిచినట్టు వరుసగా తెల్ల చుక్కలు కనిపిస్తే అదే. పురుగు ఆకులోంచి మొదలు దాకా తొలుచుకుంటూ పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, సెప్టెంబరు, అక్టోబరులలో మరోసారి ఈగలు తిరుగుతాయి. అప్పుడు సన్నటి నెట్ కప్పి అంచుల మీద మట్టి వేయడమే మందు. నేల కదపని దుబ్బుల్లో వీటి గూళ్లు ఉండిపోతాయి, అందుకని నెట్ వేసే ముందే దెబ్బతిన్న ఆకులు కోసి చెత్తలో పడేస్తాను, కంపోస్ట్‌లో వేయను.

పిల్లలున్న ఇళ్లవాళ్లకు ఒక మాట. లాన్‌లో ఉల్లిలా కనిపించేవన్నీ ఉల్లి కాదు. స్టార్ ఆఫ్ బెత్లెహేమ్ ఆకులు అలాగే ఉంటాయి, విషం. ఆకు నలిపితే ఉల్లి వాసన రాకపోతే ముట్టుకోవద్దు. కుక్క ఉంటే మడికి కంచె కట్టండి, ఉల్లీ వెల్లుల్లీ రెండూ దానికి పడవు.

వాకింగ్ ఆనియన్ చిట్టి గడ్డలు మా ఊళ్లో ఎవరికి కావాలన్నా జులై చివర్లో అడగండి. కాగితం కవర్లో ఇస్తాను. ప్లాస్టిక్ కవర్లోకి మార్చకండి, బూజు పడుతుంది. సెప్టెంబరులో నాటితే చలికి ముందే వేళ్లు పట్టుకుంటాయి, వచ్చే ఏప్రిల్‌కి ఆకు కోసుకోవచ్చు.