తెరిపి ఇచ్చినంతసేపు ఆట: స్కాట్లాండ్ క్లబ్ క్రికెట్ వెంట కొన్ని రోజులు

శనివారం తెల్లవారగానే ఎడిన్‌బరోలోని క్లబ్ క్రికెటర్లు మొట్టమొదట చూసేది ఫోన్‌లో వాన రాడార్‌ను. మా అక్క కొడుకు ఆ నగరంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, వారాంతాల్లో ఒక క్లబ్ మూడో జట్టుకు ఆడుతున్నాడు. జూన్ నెలలో అతని దగ్గరికి వెళ్ళినప్పుడు కోటలూ సరస్సులూ చూడటం కంటే అక్కడి క్రికెట్ మైదానాల వెంట తిరగడమే నా ముఖ్యోద్దేశం. ఏప్రిల్ చివర మొదలై సెప్టెంబరు ఆరంభంలో ముగిసిపోయే చిన్న సీజన్‌లో, ఏ గంటకు చినుకు పడుతుందో తెలియని ఆకాశం కింద, జీతం ఆశించకుండా, పైపెచ్చు తామే చందాలు కట్టుకుంటూ మనుషులు ఈ ఆటను రెండు వందల ఏళ్ళకు పైగా ఎలా నిలుపుకొన్నారో దగ్గరగా చూడాలని నాకు చాలాకాలంగా కోరిక.

స్కాట్లాండ్‌కూ క్రికెట్‌కూ ఏమి సంబంధమని మనలో చాలామంది అనుకుంటారు. అక్కడ నమోదైన తొలి మ్యాచ్ 1785లో అలోవాలో జరిగింది. పెర్త్ పట్టణపు క్లబ్ 1826 నాటిది, ఎడిన్‌బరోలోని గ్రేంజ్ క్లబ్ 1832 నాటిది. గ్రేంజ్ క్లబ్ 1872 నుంచి స్టాక్‌బ్రిడ్జ్ పేటలోని రేబర్న్ ప్లేస్‌లోనే ఆడుతోంది. నేను అక్కడికి వెళ్ళిన రోజున మైదానంలో పిల్లల సాధన జరుగుతోంది. 2018 జూన్ 10న ఇదే పిచ్ మీద స్కాట్లాండ్ 371 పరుగులు చేసి, ఆరు పరుగుల తేడాతో ఇంగ్లండ్‌ను ఓడించింది. ఆ రోజు 140 పరుగులతో అజేయంగా నిలిచిన కాలమ్ మెక్‌లియోడ్ ఇన్నింగ్స్‌ను నేను టీవీలో చూశాను. ఆ బంతులు దాటిన బౌండరీ ఇంత ప్రశాంతమైన వీధుల మధ్య, ఇళ్ళ కిటికీలకు ఇంత చేరువలో ఉంటుందని మాత్రం ఊహించలేదు.

వాన సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎడిన్‌బరోలో ఏడాదికి కురిసే వర్షం సుమారు 700 మిల్లీమీటర్లు, అంటే మన హైదరాబాద్ కంటే తక్కువే. కాని హైదరాబాద్ వానలో అధికభాగం నైరుతి రుతుపవనాల నాలుగు నెలల్లో పడిపోతే, ఎడిన్‌బరో వాన పన్నెండు నెలలకూ పరుచుకుని, జల్లులుగా, తుంపరలుగా, ఒక్కోసారి కురుస్తోందో లేదో తేల్చుకోలేని తడిగా వస్తుంది. అట్లాంటిక్ మీదుగా వచ్చే పడమటి గాలులు తమ తేమను ముందు పడమటి కొండల మీద కుమ్మరిస్తాయి కాబట్టి, గ్లాస్గో వైపు వెయ్యి మిల్లీమీటర్లకు పైగానే పడుతుంది. తూర్పు తీరానికి వాన తగ్గినా వేరే బెడద ఉంది. ఆ సంగతి అబెర్దీన్ చేరాక చెబుతాను.

ఆ శనివారం పొద్దున్న పదింటికి చినుకులు పడుతూనే ఉన్నాయి. "ఏరా, ఇంత వానలో ఆట జరుగుతుందంటావా?" అని అడిగితే, "ఒంటిగంటకల్లా తెరిపి ఇస్తుంది మామయ్యా, మనం ముందే వెళ్ళి కవర్లు తీయాలి" అన్నాడు. నగర శివారులోని ఆ మైదానానికి చేరేసరికి అప్పటికే ఐదారుగురు వచ్చి ఉన్నారు. వాళ్ళలో ఒకాయన బడిపంతులు, ఒకాయన కుళాయిల పని చేస్తాడు, పదహారేళ్ళ అమ్మాయి ఒకతె వాళ్ళ నాన్నతో కలిసి అదే జట్టుకు ఆడుతుంది. కింది డివిజన్లలో మైదానానికి వేరే సిబ్బంది ఉండరు. గడ్డి కోసేది, రోలర్ తోసేది, గీతలు గీసేది అంతా సభ్యులే.

కవర్లు తీయడం కూడా ఒక విద్యేనని అక్కడ తెలిసింది. చక్రాల మీద నిలిచే రేకు కప్పులను పక్కకు తోసిన తరువాత, వాటి కింద నేల మీద పరిచిన పట్టాలో నిలిచిన నీళ్ళు ఒక్క చుక్క కూడా పిచ్ మీదికి జారకుండా, ఇద్దరు ఒక అంచును ఎత్తి పట్టుకుంటే మిగిలినవారు రెండో వైపు నుంచి మెల్లగా మడుచుకుంటూ నీళ్ళను దూరంగా గడ్డిలోకి నడిపిస్తారు. ఎవరైనా తొందరపడి లాగితే పొద్దున్నుంచి కాపాడినదంతా ఒక్క క్షణంలో పోతుంది. ఆ తరువాత ఇద్దరు కెప్టెన్లూ వంగి, బౌలర్లు పరుగెత్తే దారిలో బూటు మడమతో గట్టిగా నొక్కి చూశారు. మడమ చుట్టూ నీరు ఊరింది. ఒక బస్తా రంపపు పొట్టు తెచ్చి అక్కడ చల్లారు. మరో అరగంట ఆగుదామని నిర్ణయించారు. ఇరవై ఇద్దరు ఆడటానికి వచ్చి, ఆడకుండా, విసుక్కోకుండా, గాలి ఎటు వీస్తోందో చూస్తూ నిలబడటం నేను మన ఊళ్ళలో ఎన్నడూ చూడలేదు. మనకు ఆట ఆగేది ఎండకో చీకటికో తప్ప, ఇలా నేల ఆరడం కోసం కాదు.

ఆట మొదలయ్యాక తడి ఎంత పని చేస్తుందో తెలిసింది. పిచ్ మీద పడిన బంతి ఒక్క క్షణం నేలను పట్టుకుని ఆలస్యంగా వస్తుంది. తెనాలిలో కళాశాల మైదానంలో మ్యాటింగ్ మీద ఆట నేర్చుకున్న మా వాడు, అక్కడి అలవాటు కొద్దీ ముందుకు వంగి బంతిని బలంగా కొట్టేవాడట. వచ్చిన మొదటి ఏడాదంతా బౌలర్ పక్కనే ముందువైపు నిలిచే మిడాఫ్ ఫీల్డర్‌కు క్యాచ్ ఇచ్చి వెనుదిరిగేవాడినని చెప్పాడు. ఇప్పుడు బంతిని కంటి కిందికి రానిచ్చి, మెత్తని చేతులతో ఆడుతున్నాడు. మబ్బు పట్టినప్పుడు బంతి గాలిలో ఎక్కువగా వంగుతుందని అక్కడ ఆడేవారందరూ నమ్ముతారు. శాస్త్రజ్ఞులు దాన్ని ఇంకా పూర్తిగా తేల్చలేదు కాని, ఆ మధ్యాహ్నం ఓపెనింగ్ బౌలర్ వేసిన అవుట్‌స్వింగర్లు, అంటే గాలిలో బ్యాటరుకు దూరంగా వంగే బంతులు, చూసిన నాకు ఆ నమ్మకం తప్పనిపించలేదు. తడిసిన గడ్డిలో బంతి ఆగిపోవడం వల్ల ఫోర్లు అరుదు. పరుగులు కాళ్ళతోనే రావాలి. ఫీల్డర్లు రెండేసి స్వెటర్లు వేసుకుని, ఓవర్‌కూ ఓవర్‌కూ మధ్య అరచేతులు రుద్దుకుంటూ, బౌలర్ నడుముకు దోపుకున్న తువ్వాలును అందుకుని బంతి తుడుస్తూ ఆడారు. అంపైర్లుగా నిలబడింది కూడా బ్యాటింగ్ జట్టు సభ్యులే. తన జట్టువాడికే ఎల్బీడబ్ల్యూ ఇస్తూ వేలెత్తిన ఆ పంతులుగారి మీద నాకు గొప్ప గౌరవం కలిగింది.

టీ విరామంలో మళ్ళీ జల్లు కురిసింది. పెవిలియన్‌లో శాండ్‌విచ్‌లు, వేడి సూప్ పెట్టారు. స్కోరు పుస్తకం రాసే విశ్రాంత ఉద్యోగి ఒకాయన నేను భారతదేశం నుంచి వచ్చానని తెలియగానే, 2003లో రాహుల్ ద్రావిడ్ స్కాట్లాండ్ తరఫున ఇంగ్లండ్ కౌంటీల వన్డే లీగ్‌లో ఆడిన రోజులను ఎంతో ఇష్టంగా తలచుకున్నాడు. కాసేపటికి మాట వేరే వైపు మళ్ళింది. 2022 జూలైలో వెలువడిన స్వతంత్ర సమీక్ష, ఆ దేశపు ఆటను నడిపే సంస్థ క్రికెట్ స్కాట్లాండ్ సంస్థాగతంగా జాతివివక్షతో నడుస్తోందని తేల్చింది. నివేదికకు ఒక రోజు ముందు ఆ సంస్థ బోర్డు మొత్తం రాజీనామా చేసింది. మా వాడి పక్కన కూర్చున్న, పాకిస్తాన్ మూలాలున్న బౌలర్ తన చిన్ననాట వేరే చోట ఎదురైన అనుభవాలను నెమ్మదిగా చెబుతుంటే, అందరూ తినడం ఆపి విన్నారు. దక్షిణాసియా కుటుంబాల పిల్లలు లేకపోతే ఆ దేశపు క్లబ్బుల్లో చాలావాటికి జట్టే నిండదు. అలాంటిచోట వారికి న్యాయం జరగలేదన్న మాట విన్నప్పుడు కలిగిన బాధ ఆ మ్యాచ్ కంటే ఎక్కువగా నన్ను వెంటాడింది. ఇక ఆ మ్యాచ్ సాయంత్రం ఏడింటికి, ఇంకా కొన్ని ఓవర్లు మిగిలి ఉండగా, వానకు రద్దయింది. ఇరుజట్లూ పాయింట్లు పంచుకుని, చీకటి ఛాయలైనా లేని ఆ వెలుతురులో కవర్లు మళ్ళీ పరిచి ఇళ్ళకు వెళ్ళాయి.

మరునాడు రైలులో 1890 నాటి ఫోర్త్ వంతెన దాటి ఫైఫ్ ప్రాంతానికి వెళ్ళాను. లొమండ్ కొండల పాదాల దగ్గర ఫ్రూకీ అనే చిన్న పల్లె ఉంది. 1985లో ఆ పల్లె జట్టు బ్రిటన్‌లోని గ్రామీణ జట్ల జాతీయ కప్ ఫైనల్‌కు చేరి, బ్యాగ్‌పైప్ వాయించేవాడు ముందు నడవగా లార్డ్స్‌లో అడుగుపెట్టింది. రౌలెడ్జ్ జట్టుతో స్కోర్లు 134 దగ్గర సమమైతే, తక్కువ వికెట్లు పోగొట్టుకున్నందున ఫ్రూకీనే గెలిచింది. నాకు ఆ ఊరి మైదానం లార్డ్స్ కంటే ముఖ్యమైన దర్శనీయ స్థలం. కొండ మీద మబ్బు దిగితే ఎన్ని నిమిషాలకు మైదానం మీద చినుకు పడుతుందో అక్కడి పెద్దలు లెక్కగా చెబుతారు. నేను ఉన్న మధ్యాహ్నం వారి అంచనా తప్పలేదు.

గ్లాస్గోలో గడిపింది కొద్దిసేపే. అక్కడి టిట్‌వుడ్ మైదానంలో 2007 ఆగస్టులో భారత్ స్కాట్లాండ్‌తో వన్డే ఆడినప్పుడు కూడా వాన వల్ల ఓవర్లు తగ్గించి, వానకు ఓవర్లు తగ్గినప్పుడు లక్ష్యాన్ని లెక్కగట్టే డక్‌వర్త్-లూయిస్ పద్ధతిలో ఫలితం తేల్చారు. పార్టిక్‌లోని వెస్ట్ ఆఫ్ స్కాట్లాండ్ క్లబ్ మైదానం చూడటానికి మరో కారణం ఉంది. 1872 నవంబరు 30న ప్రపంచపు తొలి అధికారిక అంతర్జాతీయ ఫుట్‌బాల్ మ్యాచ్ ఆ క్రికెట్ మైదానంలోనే జరిగింది.

అబెర్దీన్ ప్రయాణంలో డండీ దాటాక రైలు చాలాదూరం సముద్రాన్ని ఆనుకుని సాగుతుంది. తన చివరి టెస్టులో లండన్‌లోని ఓవల్ మైదానంలో సున్నాకు అవుటైన ఆస్ట్రేలియా బ్యాటర్ డాన్ బ్రాడ్‌మన్ కథ మనందరికీ తెలుసు. ఆ తరువాత నెల, 1948 సెప్టెంబరులో, బ్రిటన్ గడ్డ మీద ఆయన ఆడిన చివరి ఇన్నింగ్స్ అబెర్దీన్‌లోని మనోఫీల్డ్‌లోనిదనీ, అందులో 123 పరుగులతో అజేయంగా నిలిచాడనీ తెలిసినవారు తక్కువ. నేను వెళ్ళిన రోజు నీలాకాశం, చక్కని ఎండ. రెండో ఇన్నింగ్స్ సగంలో ఉండగా తూర్పు గాలి మొదలై, సముద్రం వైపు ఇళ్ళ కప్పుల మీదుగా తెల్లటి పొగమంచు జరజరా పాకి వచ్చింది. దాన్ని అక్కడ హార్ అంటారు. వెచ్చని తేమగాలి చల్లని ఉత్తర సముద్రం మీదుగా వచ్చేటప్పుడు చిక్కబడి ఏర్పడే మంచు అది. పది నిమిషాల్లో బౌలర్ వెనుక బౌండరీ దగ్గర నిలిపే సైట్‌స్క్రీన్ తెర కనబడకుండా పోయింది, ఒళ్ళు జలదరించే చలి పుట్టింది. నగరం లోపలి వైపు మైలున్నర దూరంలో ఎండ కాస్తూనే ఉందని ఎవరో ఫోన్ చేసి చెప్పారు. అంపైర్లు బెయిల్స్ తీశారు. కాని ఎవరూ సామాను సర్దుకోలేదు. గంట తరువాత ఆ మంచు తరిగి మైదానం మళ్ళీ కనిపించగానే, పిల్లలతో సహా అందరూ కలిసి బౌండరీ పొడవునా ఒక బరువైన తాడును లాగుతూ గడ్డి మీది తడిని దులిపారు. నేనూ ఒక కొస పట్టుకున్నాను.

జూన్ చివర అక్కడ పొద్దుగుంకేసరికి రాత్రి పది అవుతుంది కాబట్టి, పనిదినాల్లో కూడా ఆఫీసు ముగించుకుని సాయంత్రం ఆరు దాటాక ఇరవై ఓవర్ల మ్యాచ్‌లు ఆడతారు. ఎడిన్‌బరో, గ్లాస్గోల్లో చదువుకోవడానికి, ఉద్యోగాలకు వెళ్ళే మన పిల్లలు ఆటకు దూరమయ్యామని బెంగపడనక్కరలేదు. మూడో, నాలుగో జట్లకు మనుషులు ఎప్పుడూ కావాలి, ఆట బాగా రాకపోయినా స్కోరు రాయగలిగితే చాలు. చూడటానికి వెళ్ళేవారికి టికెట్టు ఉండదు. జూలైలోనైనా సరే స్వెటర్, వాన కోటు, నీరు పట్టని బూట్లు తీసుకువెళ్ళాలి. ఒంటిగంటకు ఆట అంటే పదకొండింటికే చేరుకుని కవర్లకు చేయి వేస్తే, టీ వేళకు వాళ్ళే పిలిచి బల్ల దగ్గర చోటు చూపిస్తారు.