ఏరేటర్ బాక్సుకి ఆర్కిటెక్చర్ భాష దేనికి?

మా కంపెనీ చేసేది చూడ్డానికి ఒకటే వస్తువు. రొయ్యల చెరువు గట్టు మీద, స్టార్టర్ల పక్కన బిగించే కంట్రోల్ బాక్సు. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే నీళ్లని చిలికి గాలి కలిపే ఏరేటర్లు వేస్తుంది, కరెంటు పోతే రైతు ఫోన్‌కి మెసేజ్ కొడుతుంది. పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన ప్లాంక్టనే రాత్రి దాన్ని వాడుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్, అంటే డీవో, బాగా పడిపోతుంది. ఆ టైములో బాక్సు మొరాయిస్తే, రైతు లేచేసరికి రొయ్యలు తేలిపోయి ఉంటాయి.

ఒకటే వస్తువు అన్నాను గానీ భీమవరం నుంచి ఏ వైపు వెళ్తే ఆ వైపు అది మారిపోతుంది. ఉండి దగ్గర వనామి రొయ్య వేసినాయనకి డీవో సెన్సర్ ఉండాల్సిందే. ఆకివీడులో చేపల చెరువులాయన సెన్సర్ ఖర్చు దండగ, టైమర్ చాలంటాడు. చించినాడ వంతెన దాటి మలికిపురం వైపు వెళ్తే ఉప్పు శాతం ఎక్కువ. ఉప్పు పెరిగేకొద్దీ నీళ్లలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది, దానికి తగ్గట్టు సెన్సర్ రీడింగ్‌ని సరిచెయ్యాలి. ఫోన్ సిగ్నల్ సరిగ్గా అందని లంకల్లో సిమ్ కార్డు బదులు, ఫోన్ టవర్ అక్కర్లేకుండా దూరం పంపగలిగే లోరా రేడియో పెట్టాలి. మా ఇన్‌స్టాలేషన్ మేస్త్రి మాత్రం "అమ్మాయిగారూ, ఉండి బాక్సులో ఉన్న ప్రోగ్రామే ఇందులోనూ ఎక్కించేయండి, అదీ ఇదీ ఒకటేనండి ఆయ్" అంటాడు. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆఫీసులో నడుస్తున్న పద్ధతీ అదే. ఉన్న ఫోల్డరు కాపీ చెయ్యడం, ఊరి పేరు పెట్టడం, అక్కడికి కావలసింది మార్చుకోవడం. ఒక చోట బగ్గు సరిచేస్తే మిగతా ఊళ్లన్నిట్లో అది అలాగే ఉండిపోయేది.

ఇలా ఒకే కుదురులోంచి వచ్చే రకాలన్నిటినీ కలిపి ప్రొడక్ట్ లైన్ అంటారు. ఏవి తప్పనిసరి, ఏవి ఐచ్ఛికం, ఏది ఉంటే ఏది ఉండకూడదు అని చెట్టులా గీసే ఫీచర్ మోడల్‌ని 1990లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలోని సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఫోడా అనే పద్ధతిలో పెట్టారు. ఆ చెట్టు మా సేల్స్ వాళ్లకి బ్రహ్మాండంగా పనికొస్తుంది. నాకు చాలదు. డీవో సెన్సర్ ఐచ్ఛికం అని అది చెబుతుంది గానీ, ఆ సెన్సర్ తీసేస్తే లోపల ఏ తీగ గాల్లో వేలాడుతుందో చెప్పదు. అది చెప్పాలంటే ఆర్కిటెక్చర్‌ని, అంటే లోపలి భాగాలేమిటి, ఏది దేనికి తగులుకుని ఉంది అన్నదాన్ని, వర్ణించే భాష కావాలి.

అలాంటి భాషలు 1990లలో చాలానే వచ్చాయి, దేని పట్టు దానిది. రైట్ భాష భాగాలని కలిపే కనెక్టర్లలో సాగే సంభాషణ క్రమాన్ని పట్టుకుంది, రాపిడ్ సంఘటనల సిమ్యులేషన్‌ని, డార్విన్ భాగాల అమరికని. మీ అవసరం వాటిని కట్టినవాళ్ల ఊహలో లేకపోతే ఇక అంతే సంగతులు. వీటన్నిటి మధ్య మార్పిడికని 1997లో వచ్చిన ఆక్మి ఏ భాగానికైనా పేరు-విలువ జతలు తగిలించనిచ్చింది. అయితే ఆ జతకి అర్థం ఏమిటో భాష పట్టించుకోదు, చదివే టూలు చూసుకోవాలి.

నాకు నచ్చింది ఎక్స్‌ఏడీఎల్. 2001లో అర్వైన్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి ఎరిక్ డాషోఫీ, ఆండ్రే వాన్ డెర్ హుక్, రిచర్డ్ టేలర్ దీని గురించి రాశారు. అసలు భాష అనేదే ఎక్స్‌ఎంఎల్ స్కీమాల గుత్తి, అంటే ఫైల్లో ఏమేం రాయొచ్చో చెప్పే నియమాల గుత్తి. మధ్యలో ఉన్న స్కీమాలో కాంపొనెంట్ (భాగం) అంటే ఒక ఐడీ, ఒక వివరణ, బయటివాటితో కలిసే కొన్ని ఇంటర్‌ఫేసులు, అంతే. అది ఎలా ప్రవర్తిస్తుందో ఒక్క ముక్క ఉండదు. కావాలనే అలా ఖాళీగా వదిలారు. ఆప్షన్లకి ఒక స్కీమా, వేరియంట్లకి ఒకటి, వెర్షన్లకి ఒకటి, షరతులు రాయడానికి బూలియన్ గార్డ్ అని ఇంకొకటి. కావలసినవి కలుపుకోవచ్చు, లేనిది మనమే రాసి చేర్చుకోవచ్చు.

మా బాక్సుకి పెట్టి చూస్తే విషయం తేలిగ్గా తెలుస్తుంది. డీవో సెన్సర్ ఐచ్ఛిక కాంపొనెంట్, దాని గార్డు "చెరువు రకం = రొయ్య". సెన్సర్ నుంచి కంట్రోలర్‌కి వెళ్లే లింకు కూడా ఐచ్ఛికమే, దానికీ అదే గార్డు. మెసేజ్ పంపే భాగం వేరియంటు, సిగ్నల్ ఉంటే సిమ్, లేకపోతే లోరా. చెరువు వివరాలు ఇవ్వగానే సెలెక్టర్ అనే టూలు షరతులన్నీ లెక్కగట్టి, అక్కర్లేని కొమ్మలు కత్తిరించి, ఆ ఒక్క చెరువుకి సరిపడే ఆర్కిటెక్చర్ మిగులుస్తుంది. సెన్సర్‌కి గార్డు పెట్టి లింకుకి పెట్టడం మర్చిపోతే, ఆకివీడు మోడల్లో ఒక లింకు ఏ కాంపొనెంటుకీ తగలకుండా మిగిలిపోతుంది. అది గట్టు మీద కాకుండా నా టేబుల్ మీదే బయటపడుతుంది.

భాషని పెంచినప్పుడల్లా టూల్స్ విరిగిపోతాయన్న భయం ఒకటుంటుంది. దానికి వాళ్లు ఎపీజెన్ అనే ప్రోగ్రాం రాశారు. కొత్త స్కీమా ఇస్తే దాన్ని చదవడానికి, మార్చడానికి కావలసిన జావా లైబ్రరీని అదే పుట్టిస్తుంది. భాష కన్నా ఇదే పెద్ద పని అని నా అభిప్రాయం. వ్యాకరణం ఎవరైనా పెంచగలరు, పెంచిన ప్రతిసారీ దాన్ని చదివే పార్సర్ రాస్తూ కూర్చునే ఓపిక ఎవరికుంటుంది?

ఇక మా సొంత చేర్పు సంగతి. కరెంటు పోయాక జనరేటర్ మీద ఎన్ని ఏరేటర్లు నడవొచ్చు అనేది మా దగ్గర అన్నిటికన్నా టెన్షన్ పెట్టే ప్రశ్న. 15 కేవీఏ జనరేటర్ అంటే 0.8 పవర్ ఫ్యాక్టర్‌తో 12 కిలోవాట్లు. 2 హెచ్‌పీ మోటారు సుమారు 1.5 కిలోవాట్లు. ఎనిమిది మోటార్లు వేస్తే సరిగ్గా 12, లెక్క కుదిరిందనిపిస్తుంది. కానీ ఆ 1.5 షాఫ్టు దగ్గర వచ్చే పవర్. మోటారు సామర్థ్యం 80 శాతం అనుకుంటే లాగేది దాదాపు 1.9, ఎనిమిదికి 15 కిలోవాట్లు. జనరేటర్ మూలుగుతుంది. పైగా డైరెక్టుగా స్టార్ట్ చేసినప్పుడు మోటారు మామూలు కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది కాబట్టి అన్నీ ఒకేసారి వెయ్యకూడదు, ఒకదాని తర్వాత ఒకటి వెయ్యాలి.

ఈ సంగతి చెప్పడానికి ఎక్స్‌ఏడీఎల్‌లో సిద్ధంగా మాట లేదు, ఉండాలని ఆశించడమూ న్యాయం కాదు. యూఎంఎల్‌లో అయితే స్టీరియోటైపు, ట్యాగ్ పెట్టి రాసుకోవచ్చు. మేం మోటారుని వేసి ఆపే రిలే కాంపొనెంటుకి రెండు ప్రాపర్టీలు కలిపాం, లాగే కిలోవాట్లు, జనరేటర్ మీద నడవాలా వద్దా. స్టార్టింగ్ వరస కనెక్టరు మీద రాశాం. ఇప్పుడు బిల్డ్ చేసేముందు ఒక స్క్రిప్టు మొత్తం కూడి, జనరేటర్ సైజు దాటితే అక్కడే ఆపేస్తుంది.

యూనిట్లు కూడా తప్పనిసరి చేశాను. ఆ బుద్ధి విమానాల్లాంటి వాటి లోపలి కంప్యూటర్ల కోసం పుట్టిన ఏఏడీఎల్ అనే ఆర్కిటెక్చర్ భాషని చూసి వచ్చింది. 2004లో, వాహనాల, విమానాల ఇంజనీర్ల సంస్థ ఎస్‌ఏఈ ప్రమాణంగా వచ్చిన ఆ భాషలో కూడా సొంత ప్రాపర్టీలు చేర్చుకోవచ్చు, కాకపోతే వాటి టైపు ముందే ప్రకటించాలి, ఏ యూనిట్లు చెల్లుతాయో కూడా అందులోనే చెప్పొచ్చు. అక్కడ చెప్పని యూనిట్ రాస్తే ఒప్పుకోదు. విమానాల వాళ్ల పట్టుదల చెరువుల వాళ్లకి ఎక్కువేం కాదు.

నిజం చెప్పాలంటే మేం వాడేది ఎక్స్‌ఏడీఎల్ ఫైళ్లు కావు. ఆ ఎక్స్‌ఎంఎల్ చేత్తో రాయడం నా వల్ల కాదు. మేం వాడేది చేత్తో తేలిగ్గా రాసుకునే యామల్ ఫైలు, దాన్ని తనిఖీ చేసే స్కీమా, పైథాన్ స్క్రిప్టు, దాంట్లోంచి వచ్చే సీ భాష హెడరు ఫైలు. కోడ్ పుట్టించే తీరు మటుకు ఫిలిప్స్ టీవీల కోసం రాబ్ వాన్ ఒమ్మెరింగ్ బృందం చేసిన కోవాలా అనే భాష నుంచి తీసుకున్నాం. అందులో కాంపొనెంటు తన సెట్టింగులు తన దగ్గర పెట్టుకోదు, బయటివాళ్లని అడుగుతుంది. జవాబు కంపైల్ చేసేటప్పుడే తెలిసిపోతే, ఎటు వెళ్లాలో ఎంచే స్విచ్చి కోడులోంచి మాయమవుతుంది, చేరే దారి లేని భాగాలు అసలు లోపలికే రావు. మెమరీ చాలని చిన్న చిప్‌లో ఇంతకన్నా ఏం కావాలి? టైమర్ మోడల్లో ఉప్పు సవరణ పట్టిక ఒక్క బైటు కూడా ఉండదు.

పెంచుకోవచ్చన్న భాషతో వచ్చే ఇబ్బందల్లా, అందరూ పెంచేస్తారు. మా ఆఫీసులో ఒకాయన బిల్లు నంబరు, రైతుగారి రెండో ఫోన్ నంబరు కూడా ఆ ఫైల్లోనే పెడదామన్నాడు. మేత లెక్కలూ పెడదామండీ, ఎలాగూ ఫైలు ఉంది కదా అని ఇంకొకరు. నేను పెట్టిన షరతు ఒకటే. ఆ ప్రాపర్టీని చదివి, తప్పుంటే బిల్డు ఆపే స్క్రిప్టు కూడా తెస్తేనే చేర్పు. మేత లెక్కల ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఎక్స్‌ఏడీఎల్‌లో ఉన్న వెర్షన్ల స్కీమా మాత్రం తీసుకోలేదు. అందులో ఒక కాంపొనెంటు ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్ పుట్టిందో మోడల్లోనే గ్రాఫులా రాసుకోవచ్చు. మాకు ఆ పని, ఫైళ్ల పాత కొత్త వెర్షన్లన్నీ దాచే గిట్ చేస్తోంది. పాత బాక్సుల్లో పాత రిలే బోర్డు, కొత్తవాటిలో కొత్తది కలిసి నడవాల్సి వస్తే అప్పుడు ఆలోచించాలి. కొత్త బోర్డు శాంపిళ్లు వచ్చే నెల వస్తాయంటున్నారు.