నొక్కండి, పట్టుకోండి, వదలండి

విజయవాడ ఆటోనగర్‌లో లారీల కింద పడుకుని పని నేర్చుకున్నాను. ఇప్పుడు ఇంగ్లండులో, ఆక్స్‌ఫర్డ్ దగ్గర, పాత స్పోర్ట్స్ కార్లు బాగుచేసే చిన్న షెడ్డులో మెకానిక్‌ని. మాకు ఎక్కువగా వచ్చేవి ఎంజీబీలు. 1962 నుంచి 1980 దాకా అవి ఇక్కడికి దగ్గర్లోని అబింగ్‌డన్‌లోనే తయారయ్యాయి.

మొన్న 1968 మోడల్ ఒకటి వచ్చింది. ముందు డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ము బ్రేకులు, పెడల్ నొక్కే బలాన్ని పెంచే సర్వో లేదు. బ్రేకు వేస్తే బండి ఎడమకు లాగుతోంది. పెద్ద ఇంజన్ మోడల్ ఎంజీబీ వీ8కి ఉండే పెద్ద క్యాలిపర్లు (డిస్కును రెండు వైపులా పట్టి ఆపేవి), మందం డిస్కులు, సర్వో అన్నీ వేసెయ్యమన్నాడు ఆ కారున్న పెద్దాయన. నాకు మనసొప్పలేదు. బండి ఒక పక్కకు లాగుతోందంటే ఎక్కడో లోపం ఉన్నట్టే. సర్వోతో కాలికి శ్రమ తగ్గుతుంది గానీ, టైరుకు రోడ్డు మీద పట్టు పెరగదు.

వచ్చిన కొత్తలో అయితే నోరు మెదిపేవాణ్ని కాదు. ఇంగ్లీషు తడబడుతుందని టెన్షన్, వీసా ఏమవుతుందోనని భయం. ఈసారి మాత్రం, ముందు విప్పి చూద్దామని చెప్పేశాను.

కుడివైపు ముందు చక్రానికి బ్రేక్ ఆయిల్ అందించే హోస్ పైపు బయటికి బాగానే ఉంది. కోసి చూస్తే లోపల రబ్బరు ఉబ్బిపోయి, సూది దూరేంత సందే మిగిలింది. ఆ పక్క క్యాలిపర్‌కి ఒత్తిడి అందేలోపే ఎడమది పట్టేస్తోంది. పెద్దాయన ఆ ముక్కను చాలాసేపు చేతిలో తిప్పి చూశాడు.

వెనక డ్రమ్ములు విప్పేటప్పుడు మాస్కు పెట్టుకున్నాను. ఆటోనగర్‌లో డ్రమ్ము విప్పగానే గాలి పైపు పెట్టి దుమ్ము ఊదేసేవాళ్లం. ఇక్కడ మొదటి వారంలోనే నా చెయ్యి పట్టుకుని ఆపారు. డ్రమ్ము లోపల రాసుకుని చక్రాన్ని ఆపే బ్రేక్ షూలలో, పాతవైతే ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ రావచ్చు. బ్రిటన్ 1999లో దాన్ని నిషేధించినా, ఎప్పుడో వేసిన షూలు పాత బండ్లలో ఇంకా దొరుకుతాయి. అందుకే దుమ్మును తడిపి, తుడిచి, సంచిలో కట్టేస్తాం. మా తమ్ముడు ఇంకా అక్కడే పనిచేస్తున్నాడు. ఫోన్ చేసిన ప్రతిసారీ వాడికి ఈ మాట చెబుతాను. మీలో ఎవరైనా షెడ్డులో ఉంటే దయచేసి గాలి కొట్టకండి.

ఈ బండికి నాలుగు చక్రాలకూ ఒకటే బ్రేక్ ఆయిల్ లైను. ఎక్కడ కారినా బ్రేకులు మొత్తం పోతాయి. అందుకే హోసులతో పాటు తుప్పు పట్టిన ఇనప పైపులూ తీసేసి, రాగి నికెల్ పైపులు వేశాను. క్యాలిపర్ సీళ్లు మార్చాను. బ్రేక్ ఆయిల్ డికాక్షన్ రంగులో ఉంది. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు మరగకుండా కనీసం 230 డిగ్రీలు తట్టుకోవాలి, నీరు చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. దిగుడు రోడ్డు మీద అది మరిగిందంటే పెడల్ నేలకు దిగిపోతుంది.

కొత్త ఆయిల్ పోసి, పైపుల్లో చిక్కిన ఎయిర్ తీసేటప్పుడు పెడల్ తనే నొక్కుతానన్నాడు పెద్దాయన. నేను కింద, చక్రం దగ్గర ఎయిర్ బయటికి వదిలే నట్టు పట్టుకుని ఉన్నాను. పనిలో పడి, "నొక్కండి... పట్టుకోండి..." అని తెలుగులోనే అనేశాను. ఆయన పట్టుకునే ఉన్నాడు. నట్టు బిగించి "వదలండి" అన్నాను, వదిలాడు. నాలుగు చక్రాలూ అలాగే పూర్తిచేశాం.

రెండు వందల మైళ్లు నడిపి చూశాక సర్వో సంగతి మాట్లాడుకుందామని చెప్పి తాళాలిచ్చాను.