సాగర్ దాటాక కాలిన బ్రేకు, లామాయురులో నల్లబడిన ప్లగ్గు

మా కామారెడ్డి పక్కనుంచి సాగిపోయే 44వ నంబరు జాతీయ రహదారిని పెద్దవాళ్లు ఇప్పటికీ ఏడో నంబరు రోడ్డనే అంటారు. నా చిన్నతనంలో దాని సంఖ్య అదే. అప్పట్లో అది వారణాసిని కన్యాకుమారితో కలిపేది. సంఖ్య మారాక దాని ఉత్తరపు కొస శ్రీనగర్‌కు చేరింది. మా ఊరి రోడ్డే పట్టుకుని కాశ్మీరు దాకా పోవచ్చన్న ఆలోచన నన్ను చాలా ఏళ్లు వదల్లేదు. చివరికి ఒక జూన్ నెలాఖరులో, పన్నెండేళ్ల వయసున్న నా 350 సీసీ బండి మీద మేనల్లుణ్ని వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరాను. శ్రీనగర్ నుంచి కార్గిల్ మీదుగా లేహ్ చేరి, మనాలీ మీదుగా తిరిగి రావాలన్నది మా ఏర్పాటు.

బండి పాతది కాబట్టి పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటరు ఉన్నదే, వెనక చక్రానికి డ్రమ్ము బ్రేకే. బయలుదేరడానికి నాలుగు రోజుల ముందు ఇంజనాయిలు, ఎయిర్ ఫిల్టరు, చైన్ సెట్టు మార్పించి, ఇక బండి గురించి ఆలోచించనక్కరలేదని అనుకున్నాను. మా మెకానిక్ మాత్రం, "అన్నా, కొత్త చైను సాగుతది, ఐదొందల కిలోమీటర్లు నడిచినంక ఒకసారి చూస్కో" అని చెప్పాడు. నేను తలూపి మరిచిపోయాను. ఆ చైనేదో నెల ముందే మార్పించి ఉంటే మొదటి సాగుడు మా ఊళ్లోనే తేలిపోయేది.

రెండో రోజు నాగ్‌పూర్ నుంచి బయలుదేరి సాగర్ దగ్గరికి వచ్చేసరికి, గేరు మార్చినప్పుడల్లా చైను కవరుకు తగిలి టకటకమని శబ్దం రావడం మొదలైంది. ఒక ధాబా ముందు వేపచెట్టు నీడలో బండిని సెంటర్ స్టాండు వేసి, కింది వరుస మధ్యలో చైనును వేలితో ఆడించి చూస్తే రెండంగుళాలకు పైగా ఊగింది. పాతిక నుంచి ముప్పై మిల్లీమీటర్లకు మించకూడదు. అయితే చైను అన్ని చోట్లా ఒకే రకంగా సాగదు. చక్రాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ ఎక్కడ అన్నిటికంటే బిగుతుగా ఉందో చూసి, ఆ చోటునే కొలతగా పెట్టుకోవాలి, లేకపోతే ఒక దగ్గర సరిపోయిన చైను మరో దగ్గర తీగలా లాగేస్తుంది. ఇరుసు నట్టు వదులు చేసి, రెండు వైపులా ఉన్న సర్దుబాటు నట్లను చెరి అరచుట్టు చొప్పున తిప్పుతూ, రెండు పక్కలా గీతలు ఒకే లెక్కకు వచ్చాయో లేదో మేనల్లుడి చేత చదివించి, తిరిగి బిగించాను. ఈ పని నేను స్వయంగా చేయడం అదే మొదటిసారి. అరగంటలో ముగించినందుకు ధాబా టీ ఎంతో రుచిగా అనిపించింది.

ఆ సంతోషం లలిత్‌పూర్ దాకా కూడా నిలవలేదు. బండి బరువుగా నడుస్తున్నట్టు, యాక్సిలరేటరు ఎంత తిప్పినా అరవై దాటడానికి ఇష్టపడనట్టు తోచింది. మధ్యాహ్నం పోయించిన పెట్రోలును అనుమానించాను. ఇంతలో వెనకనుంచి, "మామా, ఏదో కాలిన వాసనొస్తుంది" అన్నాడు మేనల్లుడు. పక్కకు ఆపి, సీసాలోని నీళ్లు నాలుగు చుక్కలు వెనక డ్రమ్ము మీద చిలకరిస్తే చుయ్యిమని ఆవిరి లేచింది. స్టాండు వేసి చక్రాన్ని చేత్తో తిప్పితే సగం చుట్టు కూడా తిరగలేదు.

కారణం నా చేతి పనే. చైను బిగించడమంటే చక్రాన్ని వెనక్కి జరపడం. చక్రం వెనక్కి జరిగితే పెడల్ నుంచి డ్రమ్ముకు పోయే బ్రేకు రాడ్డు కూడా లాగబడుతుంది. ఆ రాడ్డు చివరి నట్టును వదులు చేయకపోవడం వల్ల, నేను కాలు పెట్టకుండానే బ్రేకు పట్టి ఉంది, ఆ పట్టుతోనే దాదాపు ముప్పై కిలోమీటర్లు నడిపాను. డ్రమ్ము చల్లారేదాకా ముక్కాలు గంట కూర్చుని, నట్టును మూడు చుట్లు వదులు చేశాక చక్రం హాయిగా తిరిగింది. వెనక లారీల వాళ్లు ఎందుకు అన్నిసార్లు హారన్ కొట్టారో అప్పుడు అర్థమైంది.

ఆ రోజు నుంచి పొద్దున్నే సామాను కట్టకముందు పది నిమిషాలు బండికి కేటాయించాం. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడడం, చైను ఊగుడు చూడడం, లగేజీ క్యారియరు బోల్టులను పానాతో ఒకసారి తాకి చూడడం. చైనుకు నూనె మాత్రం రాత్రి బస చేసిన చోటే పట్టించేవాణ్ని, ఎందుకంటే వేడి మీదున్న చైను నూనెను లోపలికి పీల్చుకుంటుంది, పొద్దున వేస్తే అదంతా చిమ్మి ప్యాంటుకే అంటుతుంది.

జమ్మూలో ఇంజనాయిలు మార్పించాను. అది ఇంకా వెయ్యి కిలోమీటర్లు నడిచేదే కానీ, కొండ మధ్యలో ఆ పని పెట్టుకోదలచలేదు. రాంబన్ దాటాక ఎక్కుడులో క్లచ్ వైరు లివరు దగ్గర తెగింది. కొత్త వైరును ఇంటి దగ్గరే పాతదాని పక్కన పరిచి కట్టి ఉంచాం గనుక, రెండు కొసలు తగిలించుకోవడం పావుగంట పని.

అసలు చిక్కు జోజిలా కనుమ దాటాక వచ్చింది. అక్కడి బురద, ఆ తర్వాతి దుమ్ము తిన్న బండి, శ్రీనగర్-లేహ్ దారిలో అన్నిటికంటే ఎత్తయిన 4,108 మీటర్ల ఫోటులా కనుమ ఎక్కేటప్పుడు రెండో గేరులో కూడా దగ్గుతూ, సైలెన్సరు నుంచి నల్లటి పొగ వదిలింది. దిగువన లామాయురు ఊళ్లో ఆపి, ఇంజను చల్లారాక స్పార్క్ ప్లగ్గు విప్పితే దాని కొన దీపం మసి పట్టినట్టు నల్లగా, ఎండి ఉంది. ఎత్తు పెరిగే కొద్దీ గాలి పల్చబడుతుంది, కార్బురేటరు మాత్రం పెట్రోలును దాదాపు కింద ఇచ్చినట్టే ఇస్తుంది. దానికి తోడు ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోతే కాలని పెట్రోలు ఇలా మసిగా పేరుకుంటుంది. కొత్త ప్లగ్గును ముందు వేళ్లతోనే మరలోకి ఎక్కించి, తర్వాతే పానా వాడాను. ఫిల్టరును దులిపి పెట్టాను. అక్కడ కలిసిన ఒక బృందం వాళ్లు ఫిల్టరు పూర్తిగా తీసేయమన్నారు. గాలి ఎక్కువ వస్తుందన్న మాట నిజమే, కానీ ఆ గాలితో పాటు సిలిండరులోకి పోయే ఇసుకకు ఎవరు పూచీ?

లేహ్‌లో ఒక మెకానిక్ కార్బురేటరు విప్పి, లోపల పెట్రోలు పాళ్లను నియంత్రించే సూది మీది క్లిప్పును ఒక గాడి పైకి మార్చాడు. దాంతో సూది కిందికి దిగి పెట్రోలు తగ్గుతుంది. కిందికి దిగాక మళ్లీ పాత గాడిలోనే పెట్టుకోవాలని, లేకపోతే ఇంజను విపరీతంగా వేడెక్కుతుందని రెండుసార్లు చెప్పాడు. ఈసారి తలూపి ఊరుకోలేదు, టాంకు మీద టేపు అంటించి రాసుకున్నాను. మనాలీ దారిలో 5,300 మీటర్లకు పైబడిన టాంగ్‌లాంగ్ లా కనుమ మీద గాలి పీడనం సముద్రమట్టంలోని దానిలో ఇంచుమించు సగమే ఉంటుంది. అక్కడ బండి మొదటి గేరులోనే నడిచింది గానీ ఒక్కసారీ ఆగలేదు. మండీలో టేపు చూసుకుని సూదిని పాత గాడిలో పెట్టించాను.

ఇంటికి చేరిన మర్నాడు మా మెకానిక్ వెనక డ్రమ్ము విప్పాడు. బ్రేకు షూలు గాజులా నున్నగా మెరుస్తున్నాయి. గరుకు కాగితంతో రెండుసార్లు రుద్ది, లాభం లేదని పక్కన పడేశాడు.

"ఏడ కాల్చుకొచ్చినవన్నా దీన్ని?"

"సాగర్ దాటినంక," అన్నాను.