నాయనమ్మ దాచిన తూటాలు

టెక్సాస్‌లో స్థిరపడిన మా అన్నయ్య కొడుకు, గ్రీన్ కార్డు వచ్చిన కొన్ని నెలలకే పిస్తోలు కొన్నాడని గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంట్లో తెలిసిన రోజున ఎవరికీ అన్నం సయించలేదు. పక్క వీధిలో దొంగలు పడ్డారని, పిల్లలున్న ఇంట్లో తన జాగ్రత్తలో తాను ఉండాలని, పైగా అక్కడ అది రాజ్యాంగం ఇచ్చిన హక్కేనని వాడు ఫోనులో చెప్పాడు. వాడి భయాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. కానీ వాడు పుట్టకముందు మా ఇంట్లోనే జరిగిన సంగతి ఒకటి ఉంది.

మా తాతగారు మిర్చి వ్యాపారి. సరుకు అమ్మిన డబ్బు రాత్రిళ్లు ఇంట్లోనే ఉండేది కనుక లైసెన్సు తీసుకుని రెండు గొట్టాల తుపాకీ కొన్నారు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని పోలీసు స్టేషనులో అప్పగించి, అవి ముగిశాక తిరిగి తెచ్చుకునేవారు. ముప్పై ఏళ్లలో ఒక్క దొంగ మీద కూడా దాన్ని ఎత్తవలసిన అవసరం రాలేదు. ఎత్తబోయింది ఒక్కసారే, పొలం గట్టు తగాదాలో, సొంత తమ్ముడి మీద. గోడకున్న తుపాకీని అందుకుని బీరువా తెరిచేసరికి తూటాల పెట్టె అక్కడ లేదు. మాటలు ముదురుతున్నప్పుడే నాయనమ్మ దాన్ని కందిపప్పు డబ్బాలో దాచేసింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు ఆ అన్నదమ్ములిద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని కాఫీ తాగారు. తాతగారు పోయాక తుపాకీని మా నాన్నగారు తన పేర మార్పించుకోలేదు, ప్రభుత్వానికి అప్పగించారు.

హక్కు అనే మాట మన దేశంలోనూ వినిపించినదే. లిట్టన్ వైస్రాయిగా ఉండగా 1878లో వచ్చిన ఆయుధాల చట్టం భారతీయులకు లైసెన్సు తప్పనిసరి చేసి యూరోపియన్లను మినహాయించింది. ఆ అవమానం మనసులో ఉండబట్టే, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకోవడం పౌరుడి హక్కు అని 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో రాశారు. రాజ్యాంగ సభలో 1948 డిసెంబరులో హెచ్.వి.కామత్ దాన్నే ప్రాథమిక హక్కుగా చేర్చాలని కోరితే, దొంగలు, నేరస్థులు కూడా ఆ హక్కును అడగగలుగుతారని అంబేడ్కర్ వ్యతిరేకించారు; సవరణ వీగిపోయింది. వలస పాలన చేసిన వివక్ష ఎంత నిజమో, దానికి విరుగుడు ఇంటింటా తుపాకీ కాదన్న ఆనాటి నిర్ణయం అంత సరైనదని నేను నమ్ముతాను. అందుకే 1959 ఆయుధాల చట్టం కింద మనకు ఆయుధం అనుమతి మాత్రమే. 21 ఏళ్లు నిండాలి, పోలీసు విచారణ జరగాలి, కారణం చూపాలి. 2019 సవరణతో ఒకరి దగ్గర ఉండగల తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. పలుకుబడి ఉన్నవారికి లైసెన్సు సులువుగా దొరుకుతుందన్న ఫిర్యాదు ఉంది, నాటు తుపాకుల బెడదా ఉంది. ఆ లోపాలను చట్టం అమలులో సరిదిద్దుకోవాలే గాని చట్టాన్నే సడలించకూడదు.

అమెరికా రాజ్యాంగానికి 1791లో చేసిన రెండవ సవరణ, ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకీ ఉంచుకునే హక్కును వ్యక్తికే ఇస్తుందని వారి సుప్రీంకోర్టు 2008లో తొమ్మిది మంది న్యాయమూర్తుల్లో అయిదుగురి మెజారిటీతో తేల్చింది. టెక్సాస్‌లోనైతే 2021 నుంచి చేతి తుపాకీ వెంట పెట్టుకుని తిరగడానికి పర్మిట్ కూడా అక్కర్లేదు. మరుసటి ఏడాదే అదే రాష్ట్రంలోని యువాల్డీలో, 18 ఏళ్లు నిండగానే చట్టబద్ధంగా తుపాకీ కొన్న కుర్రవాడు బడిలో 19 మంది పిల్లలను, ఇద్దరు టీచర్లను చంపాడు. ఆయుధాలున్న మంచివారు కాపాడతారన్న వాదన నాకు అక్కడే కూలిపోయింది. 370 మందికి పైగా పోలీసులు చేరుకున్నా, అతన్ని ఎదుర్కోవడానికి గంటకు పైగా పట్టింది. నన్ను ఇంకా ఎక్కువగా బాధించేది మరొకటి. ఆ దేశంలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. దొంగ కోసం కొన్న ఆయుధం, ఇంట్లో ఎవరికో మనసు విరిగిన క్షణంలో చేతికి అందుతోంది.

ఫోనులో ఇదంతా విన్నాక మా అన్నయ్య కొడుకు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "తూటాలు వేరే పెట్టెలో పెట్టి తాళం వేశాను బాబాయ్, తాళంచెవి తన దగ్గరే ఉంది," అన్నాడు. తన అంటే వాడి భార్య. అమ్మేయమని అడిగాను. ఆలోచిస్తానన్నాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు మళ్లీ అడుగుతాను.