కూనూరులో ఒకే రెమ్మకు రెండు రకాల ఆకులు

మెట్టుపాళయంలో పొద్దున్నే చిన్న రైలెక్కి నీలగిరుల్లోని కూనూరులో దిగాం. దారంతా అందమే. కానీ ఆ ప్రయాణంలో నాకు బాగా గుర్తుండిపోయింది మేం దిగిన పాత బంగళా పెరట్లోని ఒక చెట్టు.

"ఇటు రావే, ఈ చెట్టుకి బదనిక పట్టినట్టుంది" అని అమ్మ పిలిచింది. చెట్టు నిండా కొడవలిలా కాస్త వంగిన, మందపాటి ఆకులు. ఈ మధ్యే కొమ్మ నరికినచోట వచ్చిన చిగుళ్లకు మాత్రం శీకాయ ఆకులాంటి సన్నటి ఈకలు. బదనిక అంటే ఇంకో చెట్టు కొమ్మను పట్టుకుని దాని మీదే బతికే మొక్క. అదే అయితే కొమ్మను పట్టుకున్నచోట బొడిపె ఉండాలి. వేళ్లతో తడిమి చూశాం. ఏమీ లేదు. అంటు కట్టారేమో అనుకుంటే, ఒకే రెమ్మ మీద రెండూ ఉన్నాయి!

రెమ్మను కిందికి వంచి, ఒక్కొక్క ఆకూ చూసుకుంటూ వెళ్లాను. మొదట సన్నటి కాడ, దాని చివర ఈకలు. తర్వాతి దానికి కాడ కాస్త వెడల్పయింది, ఈకలు తగ్గాయి. ఆ పైదానికి కాడే ఆకైపోయింది, కొసన రెండే ఈకలు మిగిలాయి. ఇంకా పైన అవీ లేవు. వెడల్పాటి ఆకులో నడిమి ఈనె అంటూ ఒకటి లేదు, మూడు నాలుగు ఈనెలు పొడవునా సాగుతున్నాయి.

ఒళ్లు పులకరించింది. ప్రభాసనం! ఇంటర్ బైపీసీలో ఎన్నిసార్లు బొమ్మ వేశానో: పత్రవృంతం, అంటే ఆకు కాడ, బల్లపరుపుగా మారి ఆకు పని చేస్తుంది, ఉదాహరణ అకేసియా మెలనోజైలాన్. మార్కుల కోసం బట్టీపట్టిన పేరు ఇన్నేళ్లకు నా చేతికి తగిలింది. ఇంగ్లీషులో దీన్ని బ్లాక్‌వుడ్ అంటారు. పుట్టిల్లు ఆస్ట్రేలియా. లేతప్పుడూ, నరికాక మళ్లీ చిగిర్చినప్పుడూ అసలు ఆకులు వేస్తుంది. ముదిరాక కాడలే ఆకులవుతాయి. అవి అంచు పైకి పెట్టి నిలువుగా ఉంటాయి కాబట్టి నడినెత్తి ఎండ సూటిగా తగలదు, నీళ్లూ తక్కువ ఖర్చవుతాయి.

19వ శతాబ్దంలో బ్రిటిష్‌వాళ్లు కలప కోసం, వంటచెరకు కోసం ఇలాంటి ఆస్ట్రేలియా చెట్లను నీలగిరుల్లో నాటారు. అవి పాకి, ఇక్కడి గడ్డి మైదానాలను చాలాచోట్ల మింగేశాయి. చెట్టు ఎంత ముద్దొచ్చినా ఆ సంగతి తల్చుకుంటే బాధేసింది.

"మన రోడ్డు పక్క ఆస్ట్రేలియా తుమ్మ ఆకూ ఇలాగే ఉంటుంది కదే?" అంది అమ్మ. నిజమే. రకం వేరు, కానీ దానివీ కాడలే. ఇంటికి చేరిన మర్నాడే ఇద్దరం కాలవగట్టుకు వెళ్లి, చెట్ల కింద మొలకల కోసం వెతికాం. అమ్మకే దొరికింది: బెత్తెడైనా లేని మొక్క, కింద ఈకలు, పైన అప్పుడే వెడల్పవుతున్న ఒక్క కాడ.