నా తప్పులన్నీ తెలుగులో ఒప్పులే

డిగ్రీ మొదటి సంవత్సరం మొదలైన వారానికి ఇంగ్లిష్ మేడమ్ మా అందరి చేతా ఒక పేజీ రాయించారు. ఏ విషయమైనా సరే, అరగంట టైమ్, డిక్షనరీ తియ్యకూడదు. అప్పటిదాకా నేను చదివింది తెలుగు మీడియమే అయినా గ్రామర్ బిట్లలో ఎప్పుడూ మార్కులు పోగొట్టుకోలేదు. ఖాళీలు నింపడం, వాయిస్ మార్చడం, డైరెక్ట్ స్పీచ్‌ని ఇన్‌డైరెక్ట్ చెయ్యడం, అన్నీ కంఠతా వచ్చు. అందుకే ధైర్యంగా రాసిచ్చాను.

రెండు రోజులకు పేజీ చేతికొచ్చింది. మేడమ్ ఒక్క తప్పూ దిద్దలేదు. తప్పున్న లైను పక్కన మార్జిన్‌లో పెన్సిల్‌తో చుక్క పెట్టి వదిలేశారు. 22 లైన్లలో 18 చుక్కలు.

“తప్పేదో మీరే వెతకండి. దొరికాక, అలా ఎందుకు రాశారో పక్కన రాసి తీసుకురండి” అన్నారు.

తప్పులు వెతకడం నాకు అలవాటే. ‘ఎందుకు’ అన్నది మాత్రం అంతకు ముందు నన్నెవరూ అడగలేదు. ఆ రాత్రి పేజీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ‘వి డిస్కస్డ్ అబౌట్ ద ప్రాబ్లమ్’ అని రాశాను. డిస్కస్ తర్వాత అబౌట్ రాదని బిట్లలో చదివిందే. మరి చెయ్యి ఎందుకు రాసింది? మనసులో ఉన్న వాక్యాన్ని పైకి అని చూశాను: ‘సమస్య గురించి చర్చించాం’. ఆ ‘గురించి’ వచ్చి ‘అబౌట్’ అయి కూర్చుంది. ఇంకో లైన్‌లో ‘మెనీ అడ్వైసెస్’ అని రాశాను. తెలుగులో సలహాలు ఎన్నైనా ఉంటాయి, ఇంగ్లిష్‌లో అడ్వైస్‌ని లెక్కపెట్టరు. మరో చోట ‘ఐ హావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే’. మనకి ‘నిన్న చూశాను’ అన్నా, టైమ్ చెప్పకుండా ఉత్తగా ‘చూశాను’ అన్నా క్రియ ఒకటే. ఇంగ్లిష్ అక్కడ దాన్ని రెండుగా చీలుస్తుంది. ఎస్టర్‌డే అని గడిచిపోయిన టైమ్ చెప్పేస్తే ‘సా’ రావాలి, ‘హావ్ సీన్’ కుదరదు.

ఒక్కొక్క చుక్క దగ్గరా ఇలాగే అయింది. నా తప్పు వెనకాల ఒక మంచి తెలుగు వాక్యం ఉంది, తెలుగులో దానికి వంక పెట్టడానికి లేదు. అప్పటిదాకా ఇంగ్లిష్ పట్టే బుర్ర నాకు లేదేమో అని లోపల ఒక బెంగ ఉండేది. అది ఆ రాత్రి చాలావరకు పోయింది. ఎక్కడ తప్పుతున్నానో తెలిస్తే కూర్చుని పని చేసుకోవచ్చు, ఏడవక్కర్లేదు.

తర్వాత ఒక నోట్‌బుక్ పెట్టాను. పేజీకి రెండు గడులు. ఎడమవైపు నేను రాసిన లేదా అన్న తప్పు వాక్యం ఉన్నదున్నట్టు, కుడివైపు ఆ సమయానికి మనసులో మెదిలిన తెలుగు వాక్యం, కింద దిద్దిన వాక్యం. ఆదివారం కూర్చుని ఆ వారం తప్పుల్ని రకాలుగా విడదీసేవాణ్ణి. రెండు నెలలయ్యేసరికి వందకు పైగా తప్పులు పోగయ్యాయి, రకాలు మాత్రం ఏడో ఎనిమిదో. కాబట్టి గ్రామర్ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదవలేదు. నోట్‌బుక్ ఏ చాప్టర్‌కి పంపితే దానికే వెళ్ళాను. ఇప్పటికీ నా అభిప్రాయం ఇదే. నామవాచకంతో మొదలుపెట్టి వరసగా చదివే గ్రామర్ ఎప్పుడూ నాలుగో చాప్టర్ దగ్గరే ఆగిపోతుంది.

అన్నిటికంటే ఏడిపించింది ఆర్టికల్స్. ‘యాన్ అవర్’, ‘ఎ యూనివర్సిటీ’ లాంటివి సులువే, అక్షరాన్ని కాకుండా పలికే శబ్దాన్ని చూడాలి, అంతే. అసలు ‘ఎ’ ఎక్కడ, ‘ద’ ఎక్కడ అన్నదే అంతుబట్టలేదు. తెలుగులో ఆర్టికల్సే లేవు కదా, ఇక మనకెలా వస్తాయి అని మేడమ్‌ని అడిగాను.

“కథ చెప్పడం వచ్చా మీకు? ఒకటి మొదలుపెట్టండి” అన్నారు.

“అనగనగా ఒక రాజు ఉండేవాడు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు…”

“ఆగండి. రెండో వాక్యంలో ‘ఒక రాజుకి ఏడుగురు కొడుకులు’ అని ఎందుకనలేదు?”

అంటే వినేవాళ్ళు ఇంకో రాజు వచ్చాడనుకుంటారు. మొదటిసారి పరిచయం చేసేటప్పుడు ‘ఒక’, ఎవరో తెలిసిపోయాక ‘ఆ’. ‘ఎ కింగ్’, తర్వాత ‘ద కింగ్’. నాలుగేళ్ళ వయసు నుంచి నేను చేస్తున్న పనే అది. అయితే తెలుగులో ‘ఆ’ అన్నది అవసరమైతేనే అంటాం, ఇంగ్లిష్‌లో ‘ద’ మానెయ్యడానికి వీల్లేదు. అప్పటినుంచి రాసేటప్పుడు ఒక ప్రశ్న వేసుకుంటున్నాను: ఈ మాట దగ్గర చదివేవాళ్ళు ‘ఏది?’ అని అడుగుతారా, వాళ్ళకి ముందే తెలుసా? తెలిస్తే ‘ద’. ‘ద సన్’ అన్నప్పుడు ఏ సూర్యుడని ఎవరూ అడగరు. ఈ ప్రశ్నతో అన్నీ తేలవు గానీ సగానికి పైగా తేలాయి.

ఇన్‌డైరెక్ట్ స్పీచ్ సంగతి ఇంకా విచిత్రం. పరీక్షలో పదికి పది తెచ్చుకున్న భాగం అది. ఒకరోజు స్నేహితుడు క్లాసుకి రాలేదు, మధ్యాహ్నం వస్తానన్నాడు. అదే మేడమ్‌తో చెప్పాను: ‘హి సెడ్ ఐ విల్ కమ్ ఇన్ ది ఆఫ్టర్‌నూన్’. మేడమ్ నావైపే చూసి, “మీరు ఇక్కడే ఉన్నారు కదా, మళ్ళీ మధ్యాహ్నం రావడమేమిటి?” అన్నారు. ‘వస్తానన్నాడు’ని విడదీస్తే అందులో ‘వస్తాను’ ఉంది. ‘అని’ మహత్యం వల్ల తెలుగులో ఎదుటివాడి మాటని వాడి నోటితోనే ఉంచి పక్కవాళ్ళకి అందించగలం. ఇంగ్లిష్ ఆ మాటని చెప్పేవాడి వైపు తిప్పుకుంటుంది, ‘ఐ’ని ‘హి’ చేసి, ‘విల్’ని ‘వుడ్’ చేసి. బిట్లో నేను పట్టిక ప్రకారం మార్చానే తప్ప ఈ తిప్పుడు నాకు అర్థం కాలేదు.

చదవడం దగ్గరికొస్తే, మొదటి సెమిస్టర్‌లో ఒక వ్యాసానికి నాకు మూడు సాయంత్రాలు పట్టేది. తెలియని ప్రతి మాటకీ డిక్షనరీ తీసేవాణ్ణి. పేరా చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోయేవాణ్ణి. మాటలన్నీ తెలిసి కూడా వాక్యం అర్థం కాని చోట్లు చాలా ఉండేవి. ఎందుకో ఒక చిన్న వాక్యంతో చెబుతాను: ‘ద మెథడ్ దట్ మోస్ట్ స్టూడెంట్స్ హు లెర్న్ ఎలోన్ యూజ్ ఈజ్ స్లో’. ఇందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు. కానీ యూజ్, ఈజ్ పక్కపక్కనే వచ్చేసరికి బుర్ర ఆగిపోతుంది. దీన్నే తెలుగులో రాసి చూడండి: ‘ఒంటరిగా నేర్చుకునే చాలామంది విద్యార్థులు వాడే పద్ధతి నెమ్మదైనది’. ఇక్కడ ‘ఒంటరిగా’ ముందుంది, ‘పద్ధతి’ చివర్లో ఉంది. ఇంగ్లిష్‌లో పద్ధతి ముందు, ఒంటరితనం తర్వాత. మనం ‘నేర్చుకునే’, ‘వాడే’ అంటూ వివరమంతా పేరుకి ముందే చెప్పేస్తాం. ఇంగ్లిష్ ముందు పేరు చెప్పి, ఆ తర్వాత వివరాన్ని తోక కడుతుంది, ఆ తోకకి ఇంకో తోక. తెలుగులో క్రియ కోసం వాక్యం చివరిదాకా ఆగడం మనకి పుట్టుకతో వచ్చిన విద్య. అక్కడ మాత్రం అది మధ్యలో ఎక్కడో దాక్కుంటుంది.

అందుకని పెన్సిల్ పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. పొడుగు వాక్యం రాగానే అసలు కర్త కింద ఒక గీత, దాని క్రియ కింద ఒక గీత. ‘మెథడ్… ఈజ్ స్లో’. మధ్యలోదంతా బ్రాకెట్‌లో పెట్టి తర్వాత చూడొచ్చు. కర్తకీ క్రియకీ పొత్తు కుదరకపోవడం అన్న నా రాతలోని తప్పు కూడా దీనివల్లే తగ్గింది, దానికోసం విడిగా ఏమీ చెయ్యలేదు.

మాటల విషయంలో లైబ్రరీ సార్ ఒక మంచి దారి చూపించారు. ఎవరిల్ కాక్స్‌హెడ్ అనే భాషా పరిశోధకురాలు 2000లో అకడమిక్ వర్డ్ లిస్ట్ అని ఒకటి ప్రచురించారు. ఆర్ట్స్, కామర్స్, లా, సైన్స్ పాఠ్యాలు దాదాపు 35 లక్షల మాటలు పరిశీలించి, అన్నిట్లోనూ తరచు వచ్చే 570 పద కుటుంబాలు ఏరారు. ఒకే మాట నుంచి వచ్చిన రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం. రోజువారీ మాటలు ఆ లిస్టులో ఉండవు, అయినా అలాంటి పాఠ్యాల్లోని మొత్తం మాటల్లో సుమారు 10 శాతం ఇవే. ఎనలైజ్, అస్యూమ్, ఎవిడెన్స్, సిగ్నిఫికెంట్ లాంటివి. పాఠంలో తగిలిన మాట ఆ లిస్టులో ఉంటే నేర్చుకుంటాను, లేకపోతే సందర్భాన్ని బట్టి ఊహించి ముందుకెళ్తాను. రోజుకి ఐదు మాటల కంటే ఎప్పుడూ ఎక్కువ పెట్టుకోలేదు. మాటని ఒంటరిగా కాకుండా అది వచ్చిన వాక్యంతో సహా కార్డు మీద రాసి, మర్నాడు, మూడోరోజు, వారం తర్వాత చూసుకునేవాణ్ణి.

ఇంకొకటి చేశాను, నాకు చాలా పనికొచ్చింది. ప్రతి పేరా పక్కనా ఒక్క ముక్క రాయడం, మొదట్లో తెలుగులోనే. ‘ఇక్కడ ఎదుటివాళ్ళ వాదన చెబుతున్నాడు’, ‘ఇక్కడ కాదంటున్నాడు’. హవెవర్, వేరాజ్, నెవర్‌దిలెస్ లాంటి మాటల దగ్గర వాదన మలుపు తిరుగుతుందని అలా రాస్తుంటేనే తెలిసింది. వాటిని చూడకుండా దాటేస్తే రచయిత ఖండిస్తున్న మాటని ఆయన మాటే అనుకుంటాం. నేను ఒక అసైన్‌మెంట్‌లో అచ్చంగా అలాగే రాశాను.

మాట్లాడటం చివరికి మిగిలింది. టెన్షన్ అంతా అక్కడే. “హావెంట్ యు ఫినిష్డ్ ది అసైన్‌మెంట్?” అని మేడమ్ అడిగితే “యెస్ మేడమ్” అన్నాను. ‘పూర్తి కాలేదా?’ ‘అవును, కాలేదు’. మన ‘అవును’ ప్రశ్న అడిగిన తీరుకి జవాబు. ఇంగ్లిష్‌లో అయితే ప్రశ్న ఎలా అడిగినా పని అయితే యెస్, కాకపోతే నో. పూర్తయిందనుకుని ఆవిడ చెయ్యి చాచారు. నా దగ్గర ఇవ్వడానికేం లేదు.

హాస్టల్‌లో నా రూమ్మేట్‌తో ఒప్పందం చేసుకున్నాను. “నువ్వు మధ్యలో దిద్దకు, రాసుకుని చివర్లో చెప్పు” అన్నాను. “సరే, నువ్వు మాత్రం మధ్యలో తెలుగులోకి జారొద్దు” అన్నాడు. ఒకే విషయం ముందు 4 నిమిషాలు, తర్వాత 3, తర్వాత 2 నిమిషాల్లో చెప్పాలి. ఇది ఇంగ్లిష్ నేర్పేవాళ్ళకి బాగా తెలిసిన అభ్యాసమే. అసలైతే ప్రతిసారీ వినేవాళ్ళు మారాలి. మేమిద్దరమే కాబట్టి రెండోసారి ఫోన్‌కి చెప్పి రికార్డ్ చేసుకునేవాణ్ణి. మూడోసారికి చెప్పేది కొత్తగా వెతుక్కోనక్కర్లేదు, మాటలు వాటంతటవే దగ్గరవుతాయి. మొదటి వారం నా 4 నిమిషాల్లో సగం మౌనమే. ఆరో వారానికి టైమ్ చాలలేదు.

ఆ రికార్డింగులు వింటేనే ఇంకో సంగతి బయటపడింది. తెలుగు అజంత భాష అని చిన్నప్పుడు గొప్పగా చదువుకున్నాం. మాట అచ్చుతో ముగుస్తుంది, అందుకే బస్ మన నోట బస్సు అవుతుంది. ఇంగ్లిష్‌లో చాలా క్రియలకి చివరి హల్లులోనే కాలం దాగి ఉంటుంది. నేను ‘వాక్డ్’ అన్నాననుకుంటున్నాను, రికార్డింగ్‌లో ‘వాక్’ అనే వినిపిస్తోంది. పైగా చివర ‘ఇ-డి’ అన్న రాత ఒకటే అయినా పలుకు మూడు రకాలు: ‘వాక్ట్’, ‘ప్లేడ్’, ‘వాంటిడ్’. వారం రోజులు చివరి శబ్దం ఒక్కటే పట్టుకుని సాధన చేశాం. తర్వాత స్ట్రెస్, అంటే మాటలో ఏ ముక్కని నొక్కి పలకాలన్నది. ఎనలైజ్‌లో మొదటి ముక్క, ఎనాలిసిస్‌లో రెండోది, ఎనలిటికల్‌లో మూడోది. ఒకే కుటుంబంలో మూడు చోట్లు. అందుకని కార్డుల మీద నొక్కే ముక్క కింద గీత పెట్టడం మొదలైంది.

సంవత్సరం చివర్లో మేడమ్ మళ్ళీ ఒక పేజీ రాయించారు. అరగంటే, డిక్షనరీ లేదు. ఈసారి 31 లైన్లు రాశాను, 7 చుక్కలు. అందులో నాలుగు ఆర్టికల్స్‌వే.

ఇప్పుడు వాటి మీదే ఉన్నాను. రూమ్మేట్ రోజూ ఏదో ఒక వ్యాసంలోంచి ఒక పేరా చూసి, అందులోని ‘ఎ’, ‘యాన్’, ‘ద’ అన్నీ తీసేసి, ఎక్కడ తీశాడో కూడా తెలియకుండా రాసిస్తాడు. నేను వాటిని తిరిగి పెట్టి అసలుతో పోల్చుకుంటాను. నిన్నటి పేరాలో నేను పెట్టిన 14లో 11 సరిపోయాయి. తప్పిన మూడూ అసలు ఏదీ పెట్టకూడని చోట నేను పెట్టిన ‘ద’లే. నోట్‌బుక్‌లో ఎడమ గడి నింపాను, కుడి గడిలో ఏం రాయాలో ఇంకా ఆలోచిస్తున్నాను.